1942లో గంజాం తెలుగువారు బర్మా నుంచి ఎందుకు నడిచి రావలసి వచ్చింది?

జనమంతా ఓడలెక్కేలోపే జపాను సైన్యం రంగూన్ రేవును పట్టుకోవడం వల్లనే, నేటి ఒడిశాలోని గంజాం నుంచి బర్మాకు పనికి వెళ్లిన తెలుగువారిలో ఎందరో కాలినడకన తిరిగి రావలసి వచ్చింది. మెరుపుదాడిలో ముందుగా తెగిపోయేవి దారులు. రేవు, వంతెన, రైలు చేజారితే సైనికుడూ కూలీ ఒకే ఇరుకు బాటపై వెనుదిరగవలసి వస్తుంది, అప్పుడు బండ్లలోనూ తిండిలోనూ మొదటి వాటా సైన్యానికే పోతుంది. సైనికులకూ ఆ వేగం తక్కువ కీడు చేయలేదు. ఫిబ్రవరి 23న, రంగూన్‌కు తూర్పున సిట్టాంగ్ నదిపై ఉన్న వంతెన శత్రువుకు చిక్కుతుందన్న భయంతో బ్రిటిష్ సేనలే దానిని పేల్చివేయగా, 17వ భారత డివిజన్‌లో అధికభాగం అవతలి ఒడ్డున చిక్కుకొని, ఎందరో ఆయుధాలు వదిలి నదిని ఈదవలసి వచ్చింది. పదమూడు రోజులకు, మార్చి 8న, రంగూన్ పతనమైంది. స్టీమరులో గోపాలపురం రేవుకు చేరుకోవడం అలవాటైన బరంపురం ప్రాంతపు కుటుంబాలకు ఇక మిగిలినవి అరకాన్ కనుమలు, మణిపూర్ కొండదారులు.

మరణించినవారందరూ బాంబులకే బలయ్యారని చాలామంది అనుకుంటారు. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జరిగిన బాంబుదాడిలో ఎందరో చనిపోయిన మాట నిజమే గాని, కొండదారుల్లో వేలమందిని, పేర్లయినా నమోదు కాని పసిపిల్లలతో సహా, బలిగొన్నవి కలరా, మలేరియా, ఆకలి.