ఆ స్ప్రింగు జోలికి వెళ్లకండి

ప్రశ్న: నా దగ్గర లైసెన్సున్న 32 బోరు సెమీ ఆటోమేటిక్ పిస్తోలు ఉంది. అరవై దాటాక స్లైడు (గొట్టం మీద ముందుకూ వెనక్కీ జరిగే పైభాగం) వెనక్కి లాగడానికి చేతుల్లో సత్తువ చాలడం లేదు. లైసెన్సు ఫొటో పంపితే మెత్తటి స్ప్రింగు ఇంటికే పంపిస్తామని ఒక వెబ్‌సైటువారు అంటున్నారు. తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఫోన్ల గురించి రాసుకునే నాకు ఈ ప్రశ్న ఒంగోలు నుంచి, ఆత్మకూరు నుంచి కూడా వచ్చింది. అందరి చేతికీ ఆ వెబ్‌సైటు ప్రకటనే చేరినట్టుంది.

ఈ బోరు పిస్తోళ్లలో చాలావాటికి గొట్టం కదలదు, స్లైడుకు తాళం పడదు. తూటా పేలినప్పుడు స్లైడును నిలువరించేవి దాని బరువు, స్ప్రింగు బిగువు. అందుకే చిన్న పిస్తోలుకు అంత గట్టి స్ప్రింగు. దాన్ని మెత్తబరిస్తే స్లైడు మరింత జోరుగా వెనక్కి వెళ్లి ఫ్రేమును బాదుతుంది, ముందుకు వచ్చేటప్పుడు తర్వాతి తూటాను సరిగా ఎక్కించదు.

స్ప్రింగు మార్చకుండానే స్లైడు లాగే దారి ఉంది. ముందు తూటాలుండే మ్యాగజైను తీసి, గొట్టం వెనక తూటా కూర్చునే గది ఖాళీగా ఉందని కళ్లతో చూసుకుని, గొట్టం మనుషులవైపు లేకుండా పట్టుకోండి. వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. తూటాను పేల్చే సుత్తిలాంటి హ్యామర్ బయటికి కనిపించే రకమైతే ముందు దాన్ని వెనక్కి వంచండి, లాగే బరువు తగ్గుతుంది. పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి ఉంటే కొన్ని పిస్తోళ్లలో స్లైడు కదలనే కదలదు. రెండు వేళ్లతో గిల్లినట్టు కాక అరచేయంతా స్లైడు మీద వేసి, పిడి ఉన్న చేతిని ముందుకు నెట్టండి. అప్పటికీ బిగువుగానే ఉంటే తుప్పో, ఎండిన గ్రీజో చూడమని లైసెన్సున్న ఆయుధ దుకాణంలో ఇవ్వండి. 1959 ఆయుధ చట్టం కింద మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి.

నన్ను భయపెట్టేది ఆ లైసెన్సు ఫొటో. అందులో మీ పేరు, చిరునామా, ఆయుధం నంబరు, జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేసులోని మీ గుర్తింపు సంఖ్య ఉంటాయి. అంటే ఏ ఇంట్లో తుపాకీ ఉందో ముక్కూమొహం తెలియనివాడికి రాసిచ్చినట్టే. పైగా ఆ ఫొటో మీ గ్యాలరీలోంచి క్లౌడుకు, అక్కడినుంచి అదే ఖాతా వాడుతున్న మనవడి ట్యాబ్లెట్‌కు వెళ్లొచ్చు. ఇప్పటికే పంపి ఉంటే లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికీ, సైబర్ నేరాల నంబరు 1930కీ చెప్పండి.

వేలిముద్రతో తెరుచుకునే పిస్తోలు పెట్టెల మీదా నాకు నమ్మకం లేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసి వేళ్లు అరిగినవారిని రేషన్ యంత్రమే గుర్తుపట్టక సతాయిస్తుంటే, చవక సెన్సరు ఏం గుర్తుపడుతుంది? అంకెల మీటలున్న పెట్టె కొనండి. కంపెనీ పెట్టిన కోడ్ మార్చకుండా వాడి, తర్వాత నాకు ఉత్తరం రాయకండి.