నాన్నని ఇంకెన్నిసార్లు అడ్మిట్ చేస్తారు?

తల్లీ,

"ఇంకో కీమో వేయిస్తే నాన్న కోలుకుంటారేమో పెద్దమ్మా" అన్నావు నిన్న. పక్కనే ఆయన ఉన్నారని ఊరుకున్నాను, ఇప్పుడు చెప్తున్నా.

ఇక చాలని డాక్టరే చెప్తారని ఎదురుచూడకు, చాలామంది నోరు తెరిచి చెప్పరు. నువ్వే సూటిగా అడుగు: ఈ మందుతో జబ్బు తగ్గుతుందా, రోజులు పెరుగుతాయా, పెరిగితే ఆ రోజులు ఎలా గడుస్తాయి? మిగతాది నీ కళ్లకే కనబడుతోంది కదా. నెలలో రెండుమూడుసార్లు అడ్మిట్ చేయడం, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త నీరసంగా రావడం, పగలంతా మంచంలోనే ఉండటం, చొక్కా భుజాల మీంచి జారిపోవడం, రెండు ముద్దలకే చేయి కడిగేసుకోవడం... ఇవన్నీ కలిసొచ్చాయంటే హాస్పిస్ వాళ్లతో, అంటే నయంకాని జబ్బుతో చివరి దశలో ఉన్నవాళ్లని బాధ తగ్గిస్తూ చూసుకునేవాళ్లతో, మాట్లాడాల్సిన టైమ్ వచ్చినట్టే. ఆఖరి రెండు రోజుల్లో తీసుకెళ్తే వాళ్లు మాత్రం ఏం చేయగలరు?

మీ అన్నయ్య అమెరికా నుంచి "నాన్నని చావుకి వదిలేస్తారా" అంటున్నాడట. వదిలేయడం కాదమ్మా అది, నొప్పికీ ఆయాసానికీ నిద్రకీ చేసే వైద్యం. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగానే చూస్తుంది, ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఇలా బాధ తగ్గించే పాలియేటివ్ విభాగం ఉంది. మార్ఫిన్ పేరు వినగానే టెన్షన్ పడకు, డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే మత్తుకు బానిసైపోతారన్న భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, విరేచనం మందు కూడా మొదటి రోజే రాయించుకో.

తినట్లేదని గొంతులో పోయొద్దు, నీ చేత్తో పెట్టాలని నీకెంత ఉన్నా సరే. చివరి దశలో ఒంటికి ఆకలి దానంతటదే పోతుంది, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు, సెలైన్ ఎక్కిస్తే ఒళ్లు ఉబ్బి ఆయాసం పెరగొచ్చు. తడిదూదితో పెదాలు, నాలుక తుడుస్తూ ఉండు.

అన్నిటికన్నా ముందు ఆయన్నే అడగండి, ఐసీయూ కావాలా, ఇల్లు కావాలా అని. తెలివిగా మాట్లాడుతున్నప్పుడే. వెంటిలేటర్ వద్దంటే రాసిపెట్టుకోవచ్చు, సుప్రీంకోర్టు 2018లోనే ఒప్పుకుంది, 2023లో పద్ధతిని తేలిక చేసింది, ఇద్దరు సాక్షులతో నోటరీ దగ్గర సంతకం చేస్తే సరిపోతుంది.

మీ అన్నయ్యతో నేను మాట్లాడతాను, ఆ బరువు నీకెందుకు. నువ్వు డిశ్చార్జ్ సమ్మరీలు, స్కాన్ రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ ఒక ఫైల్లో పెట్టి ఉంచు, సోమవారం నీతో పాటు హాస్పిస్‌కి నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ