ఉప్పునీళ్ళ చేపల ట్యాంకు విప్పబోతున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

పటమట నుంచి భవానీపురం ఇల్లు మారుతున్నారని, ఆదివారం పొద్దున్నే నువ్వు ఆ ట్యాంకు విప్పేస్తానంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. గంటలో తేలే పని కాదురా, పూటంతా పడుతుంది. నిండా ఉన్న 200 లీటర్ల ట్యాంకంటే నీళ్ళ బరువే రెండు క్వింటాళ్ళు.

బెజవాడ ఎండల్లో హీటరెందుకురా అంటే వినలేదు, సరే, ముందు దాన్ని ఆపి పావుగంట ఆగు. వేడి మీదుండగా నీళ్ళు దిగి పైకి తేలిందంటే దాని గాజు ఫట్‌మంటుంది.

ఏదీ కదపకముందే పైనున్న తేట నీళ్ళు పైపుతో కొత్త టబ్బుల్లోకి లాగు. ఆ తర్వాత రాళ్ళు తీసి అదే నీళ్ళలో ముంచి, చిన్న మోటారు తిరగనివ్వు. ఆరబెట్టావా, రాళ్ళలో ఉన్న జీవాలన్నీ చచ్చి, తర్వాత నీళ్ళలో అమ్మోనియా లేస్తుంది. చేపల్ని చివర్న పట్టు, జానెడు నీళ్ళు మిగిలాక వాటంతటవే దొరుకుతాయి. ఇత్తడి, రాగి గిన్నెలు దగ్గరికి రానివ్వకు. నేనోసారి అమ్మ ఇత్తడి గంగాళంలో పెట్టి నా రెండు రొయ్యల్నీ పోగొట్టుకున్నాను, రాగి వాటికి విషం.

అసలు సంగతి ఇసక. పైకి తెల్లగానే ఉంటుంది, అడుగున గాలి ఆడక నల్లబడి ఉంటుంది. బ్రాడీపేట ఇంట్లో ఉన్నప్పుడు, చేపలు లోపలుండగానే చేత్తో కెలికాను. కుళ్ళిన కోడిగుడ్డు కంపు వీధిలోకి కొట్టింది, నీళ్ళు బొగ్గు కడిగినట్టయ్యాయి, తెల్లారేసరికి క్లౌన్ చేపలు రెండూ బోర్లా తేలాయి. అందుకే చేపలు బయటపడ్డాకే ఇసక ముట్టుకో, కిటికీలు తీసిపెట్టుకో, ఆ పాత ఇసక కొత్తింటికి మోయకు.

రాళ్ళ మీద బొత్తాల్లా ఉండే జోవాంథిడ్లనే పగడపు జాతి జీవాలు ఉన్నాయి కదా, చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా గీకకు. శుభ్రమవుతుందని వేడినీళ్ళు పోయడం, ఉడకబెట్టడం అసలే వద్దు. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషముంటుంది, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలున్నాయి.

గాజు మీద తెల్లటి చారలకి వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి గుడ్డ తడిపి అంటించు, గంటాగి పాత ఏటీఎం కార్డుతో గీకితే ఊడొస్తుంది. సబ్బు, సర్ఫ్ వద్దు. మూలల్లో సిలికాన్ దగ్గర బ్లేడు పెట్టకు.

పారబోసే నీళ్ళు బాత్రూంలోనే పొయ్యి, అక్క తులసి కోట దగ్గర కాదు. లీటరుకి 35 గ్రాముల చొప్పున లెక్కేస్తే 200 లీటర్లలో 7 కిలోల ఉప్పుంటుంది మరి. వద్దనుకున్న చేపలుంటే ఎవరికైనా ఇయ్యి, బందరు కాలువలో వదలకు, మంచినీళ్ళలో బతకవు.

శనివారం రాత్రికి గుంటూరు నుంచి నేనొస్తాను, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ తెస్తాను, కొత్తింట్లో నీళ్ళ సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలిపాకే చేపల్ని దింపుదాం. అప్పటికల్లా నువ్వు నాలుగు కొత్త టబ్బులు కొని పెట్టు, బట్టలు నానబెట్టినవి కాదు.

మామయ్య