ఆ విజిల్ మెళ్లో వేసుకున్న మనిషి గురించి రాయండి

ప్రశ్న: నాకు 55 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. పదకొండు నెలల కిందట నాన్నగారు 89వ ఏట పోయారు. రైతుబిడ్డ. 1956లో మిలిటరీలో చేరి, మిలిటరీ వాహనాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా చేసి, 1980లో హవల్దారుగా ఇంటికొచ్చారు. 1965, 1971 యుద్ధాలకు వెళ్లారని తెలుసు కానీ వాటి గురించి మాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పిందల్లా ఆటల గురించే. ఊళ్లో వాలీబాల్ కోర్టు వేసి, 85 దాటేదాకా రోజూ సాయంత్రం విజిల్ మెళ్లో వేసుకుని వెళ్లేవారు. నాకు ఆటలు రావు. చిన్నప్పుడు చీకటితోనే లేపి కాలువగట్టు మీద పరిగెత్తించేవారు, అందుకు ఆయన మీద చాలా కోపంగా ఉండేది. పారిస్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు పతకం గెలిచిన సాయంత్రం ఫోన్ చేసి ‘చూశావా?’ అన్నారు. ‘పనిలో ఉన్నాను నాన్నా, తర్వాత చేస్తా’ అని పెట్టేశాను. మళ్లీ చేయలేదు. వచ్చే నెల సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దామని, నన్నే రాయమని ఇంట్లోవాళ్లు అన్నారు. అన్నయ్య పొలం గట్టున తుపాకీ పట్టుకున్న విగ్రహం పెడదామంటాడు. చెల్లి వద్దంటుంది. మాటామాటా పెరిగింది. అమ్మ ఏమీ మాట్లాడదు. నాకు ఒక్క వాక్యం కూడా రావడం లేదు. ఆయన గురించి రాసే అర్హత నాకుందా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి 1980 దగ్గర ఆగిపోయాను. లెక్క చూసుకుంటే అప్పటికి మీకు పదేళ్లు. అంతవరకూ నాన్నంటే ఏడాదికోసారి సెలవు మీద ట్రంకుపెట్టెతో దిగే మనిషి. మీకు అలవాటయ్యేలోపు మళ్లీ రైలెక్కేసే మనిషి. ఒకరోజు ఆయన శాశ్వతంగా వచ్చేశారు. ఇంట్లో పదేళ్ల కొడుకున్నాడు, వాడితో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు. ఇరవై నాలుగేళ్లు ఆయన బతికిన చోట ముక్కూమొహం తెలియని కుర్రాళ్లు ఒకరికొకరు దగ్గరయ్యింది గ్రౌండులో, పొద్దున్నే కలిసి పరిగెత్తి. ఆయన మిమ్మల్ని చీకటితోనే లేపింది క్రమశిక్షణ కోసమే అయ్యుండదు. కొడుకుతో ఒక గంట గడపడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే అయ్యుండాలి. మీకు కోపం రావడం తప్పు కాదు, పదేళ్ల పిల్లాడికి నిద్రే ముఖ్యం. ఆ కోపాన్ని కూడా పుస్తకంలో రాయండి. కాలువగట్టు మీద ముందు ఆయన, వెనక మీరు. మీ పుస్తకం అక్కడ మొదలవ్వచ్చు.

ఇక ఆ ఫోన్ సంగతి. అది 2024 ఆగస్టు 8, స్పెయిన్ మీద 2-1తో గెలిచి కాంస్యం తెచ్చుకున్న రోజు. మీరు దాన్ని నేరంలా మోస్తున్నారు. ఆయన వైపు నుంచి చూడండి. 88 ఏళ్ల మనిషి, మ్యాచ్ అయిపోగానే, ఆటలంటే గిట్టని కొడుక్కి ఫోన్ చేశారు. ఊళ్లో ఆయన చేత వాలీబాల్ సర్వీస్ నేర్చుకున్న కుర్రాళ్లు ఎంతమంది లేరు? మీకే చేశారు. నలభై ఏళ్ల తర్వాత కూడా ‘రా, నాతో పాటు నాలుగడుగులు వెయ్యి’ అని అడుగుతున్నారు. మీరు తిరిగి చేయకపోవడం నిజమే, అది బాధే, కాదని నేను అనను. కానీ అర్హత గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా, ఆ ఫోన్ వచ్చింది మీకు. రాయాల్సింది మీరే.

యుద్ధాల గురించి ‘మాకు ఒక్క ముక్క చెప్పలేదు’ అని రాశారు. సైనికుల ఇళ్ల నుంచి నాకొచ్చే ఉత్తరాల్లో ఈ మాట చాలాసార్లు చదివాను. చూసినవన్నీ పిల్లలకు చెప్పాలనిపించదు చాలామందికి. మీరు ఊహించి, సినిమాలో చూసిన యుద్ధాన్ని ఆయనకు అంటగట్టకండి. తెలుసుకోగలిగింది మాత్రం ఇంట్లోనే ఉంది. ఆయన మెడల్స్ పెట్టెలోంచి తీసి, కిటికీ దగ్గర తువ్వాలు పరిచి వరసగా పెట్టండి. అంచు మీద సన్నటి అక్షరాలుంటాయి, ఆయన నంబరు, పేరు. భూతద్దం తెచ్చుకోండి. 1971లో పశ్చిమ సరిహద్దు వైపు ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్, తూర్పు వైపు ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్ ఇచ్చారు. 1965లో యుద్ధరంగంలో ఉన్నవాళ్లది సమర్ సేవా స్టార్. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద చిన్న పట్టీ ఉంటే, దాని మీద జమ్మూ కాశ్మీర్ అనో నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) అనో ప్రాంతం పేరు ఉంటుంది. ఆయన చెప్పని చోట్లు అవి చెబుతాయి. మిగతాది డిశ్చార్జి బుక్‌లో దొరుకుతుంది, అది కనబడకపోతే సికింద్రాబాద్‌లోని ఈఎంఈ రికార్డ్స్‌కు సర్వీసు నంబరు వేసి రాయండి. మెరిపిద్దామని చింతపండు పెట్టి మాత్రం తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి, రిబ్బన్లు పాడవుతాయి.

ఈఎంఈ అంటే ఏం పనో కూడా పిల్లలకు అర్థమయ్యేలా రాయండి. ముందు వరసలో ట్యాంకు ఆగిపోయినా, ట్రక్కు బురదలో దిగబడినా, ఫిరంగి మొరాయించినా వెళ్లి బాగుచేసేది, బాగుకాకపోతే వెనక్కి లాక్కొచ్చేది వాళ్లే. దమ్ములో కూరుకుపోయిన బండిని ఎడ్లతో పైకి లాగిన చేతులకు ఆ పని కొత్తగా ఉండుండదు. తిరిగొచ్చాక ఊళ్లో ఆయిల్ ఇంజను ఆగిపోతే ఎవరింటికి పరిగెత్తేవారో మీ ఊరివాళ్లని అడగండి. ఒక్కొక్కరూ ఒక్కో సంగతి చెబుతారు.

ఆటల పిచ్చి ఎక్కడ పట్టుకుందో కూడా కొంత ఊహించొచ్చు. పల్లెలో చెడుగుడు ఆడుంటారు, నూర్పిళ్లయిన కళ్లాల్లో. ఆ తర్వాత ఈఎంఈ. మిల్ఖాసింగ్ సైన్యంలో చేరి పరుగు మొదలుపెట్టింది సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లోనే. అక్కడి క్రాస్‌కంట్రీ పరుగులో ముందు వరసలో రావడంతోనే ఆయన అధికారుల కంట్లో పడ్డారు. మీ నాన్నగారు చేరిన రెండేళ్లకు, 1958లో, టోక్యో ఆసియా క్రీడల్లో 200, 400 మీటర్ల స్వర్ణాలు రెండూ తెచ్చారు. తమ విభాగం జవాను! ఆనాటి ఇరవై ఏళ్ల రైతు కుర్రాడికి ఆ వార్త ఎలా ఉండుంటుందో ఆలోచించండి. మీ చేత పరుగు తీయించేటప్పుడు ఆ పేరు ఎప్పుడైనా ఎత్తారేమో గుర్తు చేసుకోండి.

విగ్రహం విషయంలో నా అభిప్రాయం అడగకపోయినా చెబుతాను. మీ అన్నయ్యది చెడ్డ ఆలోచన కాదు. నాన్నను ఊరు మర్చిపోకూడదన్న తపన అది. మాధవరం మీకు దగ్గరే కదా, ఊరి పేరుకు ముందే మిలిటరీ అని చేర్చి పిలిచే ఊరు. అక్కడి సైనికుల స్మారకం చూసి, మన నాన్నకూ ఒకటుండాలని అనుకుని ఉంటాడు. పంతానికి పోకుండా, మొదట అన్నయ్యను ఒక్కటి అడగండి: ‘అన్నయ్యా, నాన్న చేతిలో నువ్వు ఎక్కువగా చూసింది ఏంటి?’ తుపాకీ అని ఆయన కూడా అనలేడు. స్పానర్ అంటాడు, పార అంటాడు, వాలీబాల్ అంటాడు. అక్కడి నుంచి మాట్లాడుకుంటే చెల్లెలికీ ఆయనకీ మధ్య ఇంత దూరం ఉండదు. అదే డబ్బుతో కోర్టుకు గట్టి గుంజలు, ఒక లైటు, ఆయన పేరుతో ఒక పలక పెట్టడం నాకైతే నచ్చుతుంది. నిర్ణయం మీ ముగ్గురిదీ, అమ్మగారిదీ.

అమ్మగారి గురించి మీరు రాసింది ఒక్క వాక్యం: ‘అమ్మ ఏమీ మాట్లాడదు.’ ఎవరైనా అడిగారా ఆవిడని? ఆయన సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆ పొలం ఎవరు చేశారు? నారుమడికి నీళ్లు వంతు పెట్టించింది, కూలీలను పిలిచింది, అప్పులు తీర్చింది, మీకు జ్వరం వస్తే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది ఎవరు? 56 ఏపీఓ అని ఆర్మీ పోస్టాఫీసు అడ్రసు రాసి ఇన్‌లాండ్ కవర్లు పంపి, జవాబు కోసం పోస్టుమాన్ వంక చూసింది ఎవరు? 1971 డిసెంబర్‌లో యుద్ధం జరిగింది పద్నాలుగు రోజులే. ఆ పద్నాలుగు రాత్రులు ఆవిడ ఇంట్లో రేడియో ఉందో, పక్కింటికి వెళ్లి విన్నారో మీకు తెలుసా? మీరు రాయబోయే పుస్తకంలో సగం ఆవిడ దగ్గర ఉంది. ఈ శనివారమే వెళ్లండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని, ప్రశ్నల చిట్టా లేకుండా, ఆవిడ బియ్యం ఏరుతుంటేనో చిక్కుళ్లు ఒలుస్తుంటేనో పక్కన కూర్చోండి. మీరూ నాలుగు కాయలు ఒలవండి. ఎదురుగా కూర్చుని అడిగితే ఆ తరం ఆడవాళ్లు ‘ఏముంది చెప్పడానికి’ అంటారు. చేతికి పని ఉంటే మాట దానంతటదే వస్తుంది.

వెళ్లినప్పుడే ఆవిడ ఫ్యామిలీ పెన్షన్ సంగతి కూడా చూడండి. మిలిటరీ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ ‘స్పర్శ్’లో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో, ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారో లేదో. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు. పుస్తకం పది రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఇది కాకూడదు.

పుస్తకం అచ్చుకిచ్చే ముందు మొత్తం ఆవిడకు చదివి వినిపించండి. తప్పుంటే మధ్యలో ఆపి ‘అలా కాదురా’ అంటారు. అక్కడ పెన్ను తీసి దిద్దుకోండి. సంవత్సరీకం నాటి సాయంత్రం భోజనాలయ్యాక కుర్రాళ్లు ఎలాగూ కోర్టు దగ్గరికి చేరతారు. మీకు ఆడటం రాకపోయినా వెళ్లి, వాళ్లతో పాటు నెట్ కట్టండి.