గట్టు తవ్వుతున్నారు, ఒక్క రోజులో ఇంజంక్షన్ వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారు 2014లో రెండెకరాల మెట్ట భూమి నాకు రిజిస్టర్డ్ గిఫ్టు డీడు రాసిచ్చారు. పాసుపుస్తకం నా పేరుమీదే ఉంది, సాగు కూడా నాదే. వారం కిందట పక్క పొలం ఆయన జేసీబీ పెట్టి పడమటి గట్టు తవ్వించారు. అక్కడిదాకా తనదేనంటూ ఇప్పుడు రాళ్లు పాతిస్తున్నారు. పోలీసులు సివిల్ తగాదా అని పంపేశారు. కోర్టుకు వెళితే ఒక్క రోజులో ఆర్డరు వస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: రావచ్చు. అయితే ఉత్త దరఖాస్తు మీద ఇంజంక్షన్, అంటే ఆ పని ఆపమనే కోర్టు ఉత్తర్వు, ఇవ్వరు. ముందు శాశ్వత ఇంజంక్షన్ కోరుతూ దావా వేయాలి. దానితోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39, రూల్ 1, 2 కింద మధ్యంతర దరఖాస్తు, అంటే ఐఏ, దాఖలు చేయాలి. అవతలివారికి నోటీసు ఇచ్చేలోపే పని పూర్తయిపోయే ప్రమాదం ఉందని జడ్జి నమ్మితే రూల్ 3 ప్రకారం నోటీసు లేకుండానే ఉత్తర్వు ఇస్తారు. అలా ఎందుకు ఇస్తున్నారో ఆ ఉత్తర్వులోనే కారణాలు రాయాలి. కారణాలు రాయకుండా, అవతలివారి మాట వినకుండా ఇచ్చిన ఎక్స్‌పార్టీ ఆర్డరు అప్పీలులో నిలవడం కష్టం.

జడ్జి చూసే మూడు విషయాలు అందరూ చెప్పేవే: పైకి చూడగానే మీకు కేసు ఉందా, ఆపకపోతే డబ్బుతో పూడని నష్టం జరుగుతుందా, ఇస్తే ఎవరికి ఇబ్బంది, ఇవ్వకపోతే ఎవరికి. మీలాంటి కేసులో అసలు ప్రశ్న మాత్రం ఒకటే: దావా వేసిన రోజున ఆ నేల ఎవరి స్వాధీనంలో ఉంది? గిఫ్టు డీడు మీ హక్కు చూపిస్తుంది గానీ, ఇవాళ పొలంలో నాగలి ఎవరిదో చూపించదు. కాబట్టి దానితోపాటు గత మూడు నాలుగేళ్ల అడంగల్ లేదా పహాణీ (సాగు ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డు), పంట రుణం కాగితాలు, బోరు ఉంటే కరెంటు బిల్లులు, చుట్టుపక్కల రైతుల్లో ఒకరిద్దరి అఫిడవిట్లు జత చేయండి. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు రసీదు కూడా పెట్టండి. వాళ్లు చర్య తీసుకోకపోయినా, ఫలానా తేదీకి గొడవ మొదలైందని అది చెబుతుంది. సెల్‌ఫోన్ ఫొటోలు పెడితే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా ఉండాలి.

ఎక్కువ దావాలు దెబ్బతినేది షెడ్యూలు, అంటే దావాలో ఆస్తి వివరాలు రాసే భాగం, దగ్గర. రెండెకరాలకు నాలుగు హద్దులు రాసి ఊరుకుంటే, ‘ఆ రెండెకరాల జోలికి మేం వెళ్లనే లేదు, మా నేలలో మేం రాళ్లు పాతుకుంటున్నాం’ అని అవతలి వకీలు ఒక్క మాటలో తేల్చేస్తారు. మొత్తం భూమిని ఎ షెడ్యూలుగా, తగాదా పడ్డ గట్టు మేరను బి షెడ్యూలుగా విడగొట్టండి. ఆ మేర పొడవెంత, వెడల్పెంత, ఏ సర్వే నంబరులో ఏ మూల నుంచి ఏ మూలకు ఉందో అడుగుల్లో రాసి, చేతి స్కెచ్ అయినా సరే జత చేయండి. హద్దే తేలని పరిస్థితి ఉంటే ఆర్డర్ 26, రూల్ 9 కింద సర్వేయర్ సాయంతో కొలిపించేందుకు కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్‌ను అడగవచ్చు. స్వాధీనం ఎవరిదో రాసుకు రమ్మని మాత్రం కమిషనర్‌ను పంపరు. ఆ సంగతి సాక్ష్యంతో మీరే రుజువు చేసుకోవాలి.

ఇక్కడ ఒక తేడా గమనించండి. రాళ్లు పాతిస్తున్నారు అంటే ఒకటి, పాతేసి ఆ మేర దున్నేసుకున్నారు అంటే మరొకటి. రెండోది జరిగిపోయి ఉంటే వట్టి ఇంజంక్షన్ దావా పనికిరాదు, స్వాధీనం తిరిగి ఇప్పించమని అడగాలి. బయటికి నెట్టిన ఆరు నెలల్లోపు అయితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద హక్కు గొడవ లేకుండానే దావా వేయవచ్చు. అలాగే, అవతలాయన కూడా ఏదో డాక్యుమెంటు చూపించి మీ హక్కుకే ఎసరు పెడుతుంటే డిక్లరేషన్, అంటే హక్కు మీదేనని కోర్టు ప్రకటన, కూడా కోరాలి. వరంగల్ నుంచి వెళ్లిన ఒక స్థలం తగాదాలో 2008లో సుప్రీంకోర్టు ఈ విషయం విడమరిచి చెప్పింది.

అఫిడవిట్‌లో ‘ఈ మధ్య బెదిరిస్తున్నారు’ అని రాస్తే జడ్జి నోటీసు ఇచ్చి వాయిదా వేస్తారు, అంతకుమించి ఆశించకండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ యంత్రంతో, ఎన్ని గజాల గట్టు తవ్వారు, అప్పుడు ఎవరున్నారు, మీరేం చేశారు అన్నది వరసగా రాయాలి. మీకు నచ్చనివి కూడా రాయాలి: పాత సర్వే రిపోర్టు, ఇంతకుముందు నడిచిన దావా, అవతలివారు పంపిన లీగల్ నోటీసు. ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పి ఎక్స్‌పార్టీ ఆర్డరు తెచ్చుకున్నారని తేలితే ఆర్డర్ 39, రూల్ 4 కింద రద్దు చేస్తారు. తగిన ఆధారం లేకుండా ఇంజంక్షన్ తెచ్చుకున్నారని తేలితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 95 కింద 50,000 రూపాయల దాకా పరిహారం కూడా వేయవచ్చు. దాఖలుకు ముందు కోర్టులో కేవియట్, అంటే తమకు చెప్పకుండా ఆర్డరు ఇవ్వొద్దని అవతలివారు ముందే వేసే అర్జీ, పడిందేమో చూసుకోండి. సెక్షన్ 148ఎ కింద వేసిన కేవియట్ 90 రోజులు అమల్లో ఉంటుంది, అది ఉంటే అవతలివారికి తెలియకుండా ఆర్డరు రాదు.

ఆర్డరు చేతికొచ్చాక చాలామంది ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోతారు. అసలు ప్రమాదం అప్పుడే. ఉత్తర్వు ఇచ్చిన వెంటనే ఐఏ, అఫిడవిట్, దావా ప్రతి, మీరు ఆధారపడ్డ కాగితాల నకళ్లు ప్రతివాదికి స్వయంగా అందజేయాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అలా పంపినట్టు అదే రోజు గానీ, మర్నాడు గానీ కోర్టులో అఫిడవిట్ వేయాలి. ఇది రూల్ 3లోనే ఉన్న షరతు. పోస్టు రసీదు లేకుండా తర్వాతి వాయిదాకు వెళితే, ఆర్డరు రద్దు చేయమని అడగడానికి అవతలివారికి మొదటి కారణం మీరే అందించినట్టు.

ఇంకొకటి: ఈ ఆర్డరు సాధారణంగా ఫలానా తేదీ వరకే ఉంటుంది. ఆ వాయిదాన మీ వకీలు పొడిగింపు అడగకపోయినా, ఆ రోజు ఏం జరిగిందో కోర్టు రాసే డాకెట్‌లో ‘పొడిగించడమైనది’ అన్న మాట పడకపోయినా ఆ రోజుతో చెల్లిపోతుంది. ప్రతి వాయిదా సాయంత్రం డాకెట్ చూసుకోండి. ఎక్స్‌పార్టీ ఆర్డరు ఇస్తే ఐఏని 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని రూల్ 3ఎ చెబుతుంది. చాలా కోర్టుల్లో అంతకు మించే పడుతుంది, కాబట్టి పొడిగింపు మీద కన్నుండాలి.

జడ్జి ఇంజంక్షన్‌కు బదులు ‘యథాతథ స్థితి’ అని ఉత్తర్వు ఇస్తే సంతోషించకండి. స్వాధీనం ఎవరిదో అందులో రాయకపోతే ఇద్దరూ అది తమకే అనుకూలమని పొలంలోకి దిగుతారు. ఆ రోజుకు ఎవరి స్వాధీనంలో ఏముందో నమోదు చేయమని అక్కడే అడగాలి.

ఉత్తర్వు ఉండగా మళ్లీ జేసీబీ దిగితే ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళ్లినా, కోర్టు ఆదేశం లేకుండా పోలీసులు చాలావరకు కదలరు. సెక్షన్ 151 కింద పోలీసు సాయం కోరుతూ ఐఏ వేయండి. ఉల్లంఘనకు రూల్ 2ఎ కింద విడిగా దరఖాస్తు ఉంది: ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు. ఉత్తర్వు ఆయనకు అందినట్టు రుజువు ఉంటేనే ఇది నిలుస్తుంది, ఆ పోస్టు రసీదు ఇక్కడ కూడా పనికొస్తుంది. ఐఏ కొట్టేస్తే ఆర్డర్ 43, రూల్ 1(ఆర్) కింద అప్పీలు ఉంది. జిల్లా కోర్టుకైతే గడువు 30 రోజులు.

ఈలోగా ఆ రాళ్లు మీరు పీకించకండి. పీకిస్తే క్రిమినల్ ఫిర్యాదు మీ మీదే పడుతుంది. పైగా వాది నడవడిక బాగోలేనప్పుడు ఇంజంక్షన్ నిరాకరించవచ్చని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 41(ఐ)లో ఉంది. వాటిని ఉన్నచోటే ఫొటో తీసి, ఎక్కడెక్కడ పాతారో స్కెచ్‌లో గుర్తు పెట్టి వకీలుకివ్వండి.