తోడు కావాలనే ప్రకటనలా రాసిన కవితలో కవి నిజంగా తోడు వెతుకుతున్నట్టేనా?

సాధారణంగా కాదు, ఆ ప్రకటన ఇచ్చేది కవి కల్పించిన పాత్ర. పత్రికల్లో ఇలాంటి ప్రకటనకు పదాల లెక్కనో లైన్ల లెక్కనో డబ్బు కట్టాలి కాబట్టి వాక్యాలు చిక్కిపోయి వయసు, ఎత్తు, 'కావలెను' మిగులుతాయి. కవికి కావాల్సింది ఆ పొదుపే. మొదటి రెండు వివరాలు మామూలుగా ఇచ్చి, మూడోదాన్ని దారి తప్పిస్తారు: 'వయసు 52. ఎత్తు అయిదడుగుల నాలుగు. రెండో కప్పు టీ చల్లారకముందే తాగేవారు కావలెను.' ఒంటరితనం అన్న మాట ఎక్కడా లేదు, రోజూ చల్లారిపోతున్న ఆ కప్పు తప్ప. మొదటి లైన్లోనే దారి తప్పిస్తే అది ప్రకటన అని పాఠకుడికి తట్టనే తట్టదు. ప్రాస కుదిరితే చాలు, ప్రకటన కవితైపోతుందనుకోవడం మాత్రం పొరపాటు. పైన ఉన్న మూడు ముక్కల్లో ప్రాసే లేదు.