కప్పు ఎవరిచ్చారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది. తెర మీద చదవడం నా వల్ల కాదు కాబట్టి మా వీధి చివర జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని కూర్చున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ ఛాంపియన్ల చరిత్ర తెలుగులో రాయాలనుకోవడమే పెద్ద సాహసం, అందుకు మెచ్చుకుంటున్నాను. ఇక మెప్పు సంగతి వదిలేద్దాం.

చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గర నాకు బీపీ పెరిగింది. అక్కడ నువ్విలా రాశావు: "1925లో షికాగో కార్డినల్స్ విజేతగా నిలిచింది. 1926లో ఫ్రాంక్‌ఫర్డ్ యెల్లో జాకెట్స్ విజేతగా నిలిచింది." అంతే. ఈ రెండు వాక్యాల మధ్య ఎంత గొడవ జరిగిందో తెలుసా నాయనా? ఈ రెండో వాక్యంలో ఉన్న ఫ్రాంక్‌ఫర్డే వెళ్ళి ఫిర్యాదు చేయకపోతే ఆ మొదటి వాక్యంలో కార్డినల్స్ పేరే ఉండేది కాదు. పక్కపక్కనే కూర్చోబెట్టి కూడా ఒకరినొకరికి పరిచయం చేయలేదు నువ్వు.

పాట్స్‌విల్ అని ఒక ఊరుంది. పెన్సిల్వేనియాలో, బొగ్గు గనుల మధ్య. నువ్వుండే ఎడిసన్ నుంచి కారులో రెండు గంటల పైచిలుకు దారి. ఆ ఊరి జట్టు పేరు మరూన్స్. 1925లోనే ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో చేరింది. జట్టు యజమాని ఒక సర్జన్. ఆడే చోటు పక్క ఊరు మైనర్స్‌విల్‌లోని చిన్న మైదానం. ఫిలడెల్ఫియాలో ఆదివారం ఆటలాడకూడదని ఆ రోజుల్లో చట్టం. అందుకని అక్కడి ఫ్రాంక్‌ఫర్డ్ జట్టు సొంత మైదానంలో శనివారం ఆడేది. గని ఊళ్ళలో ఆ చట్టాన్ని పట్టించుకున్న నాథుడు లేడు, పాట్స్‌విల్ ఆదివారం ఆడేది. దూరం నుంచి వచ్చిన జట్టు శనివారం ఫిలడెల్ఫియాలో ఒళ్ళు హూనం చేసుకుని, మర్నాడు ఈ గనుల ఊళ్ళో దిగేది. మరూన్స్ వాళ్ళని ఉతికి ఆరేసేది. ఒక చట్టం, ఒక రైలు ప్రయాణం, అలిసిపోయిన కాళ్ళు. విజయాలు ఇలాంటివాటితో తయారవుతాయి. నీ పుస్తకంలో ఇవేవీ లేవు, స్కోర్లున్నాయి.

డిసెంబర్ 6న మరూన్స్ షికాగో వెళ్ళి, మంచులో, కార్డినల్స్‌ని 21-7 తేడాతో ఓడించింది. అప్పుడు ఫైనల్ అనేదే లేదు. ఎవరి గెలుపుల శాతం ఎక్కువైతే వాళ్ళదే టైటిల్. అందరూ పాట్స్‌విల్‌దే అనుకున్నారు. ఆరు రోజుల తర్వాత మరూన్స్ ఫిలడెల్ఫియాలో నోటర్ డేమ్ కాలేజీ మాజీ ఆటగాళ్ళతో ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడింది. చార్లీ బెర్రీ ఫీల్డ్ గోల్ కొట్టి, అంటే బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి దాటించి, 9-7తో గెలిపించాడు. కాలేజీ ఫుట్‌బాలే అసలు ఫుట్‌బాల్, డబ్బుకి ఆడేవాళ్ళది సర్కస్ అని దేశమంతా అనుకునే రోజుల్లో, ప్రొఫెషనల్స్ పరువు నిలబెట్టిన మ్యాచ్ అది. దానికే వాళ్ళకి శిక్ష పడింది. ఆ నగరం ఫ్రాంక్‌ఫర్డ్ వాళ్ళ పరిధి, మీరెలా ఆడతారని లీగ్ అధ్యక్షుడు జో కార్ జట్టుని సస్పెండ్ చేశాడు. లీగ్ ఆఫీసు నుంచి ఫోన్‌లో అనుమతి దొరికిందని పాట్స్‌విల్ వాదన. ఆ వాదన ఇప్పటికీ వాదనగానే ఉండిపోయింది.

ఈలోగా కార్డినల్స్ ఏం చేసింది? గెలుపుల లెక్క పెంచుకోవడానికి హడావుడిగా ఇంకో రెండు మ్యాచ్‌లు పెట్టుకుంది. అందులో ఒకటి మిల్వాకీ బ్యాడ్జర్స్‌తో. ఆ జట్టు అప్పటికే సీజన్ ముగించి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయింది. ఆటగాళ్ళు చాలక నలుగురు హైస్కూల్ పిల్లల్ని దింపారు. 59-0. బయటపడ్డాక మిల్వాకీ యజమానిని జట్టు అమ్ముకుని పొమ్మన్నారు. ఆ పిల్లల్ని తెచ్చిన కార్డినల్స్ ఆటగాడి మీద నిషేధం పెట్టారు. కార్డినల్స్ యజమాని క్రిస్ ఓబ్రయన్ మాత్రం, లీగ్ టైటిల్ ఇస్తామంటే, నాకొద్దు అన్నాడు. ఓడించిన జట్టు అక్కడ ఉండగా నేనెలా తీసుకుంటానని ఆయన లెక్క.

వద్దన్నవాడి పేరు పక్కన "విజేతగా నిలిచింది" అని రాశావు నువ్వు!

తర్వాత జట్టుని కొన్న బిడ్‌విల్ కుటుంబం ఆ టైటిల్‌ని మాదే అని పట్టుకుంది. పాట్స్‌విల్ వాళ్ళూ ఊరుకోలేదు. 1963లో లీగ్‌లోని జట్ల యజమానుల ముందుకు వెళ్తే కాదన్నారు. 2003లో మళ్ళీ వెళ్తే 30-2తో కాదన్నారు. అనుకూలంగా ఓటేసిన ఇద్దరూ పెన్సిల్వేనియా వాళ్ళే, ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్. మరూన్స్ జట్టు 1929లోనే బోస్టన్ తరలిపోయి మాయమైంది. అయినా ఊరివాళ్ళు తమ గని బొగ్గుతోనే ఒక ఫుట్‌బాల్ ట్రోఫీ చెక్కించుకున్నారు. లీగ్ ఇవ్వకపోతే మేమే ఇచ్చుకుంటాం అన్నట్టు. ఇటు కార్డినల్స్‌కి ఆ తర్వాత దక్కిన టైటిల్ 1947 నాటిది ఒక్కటే. షికాగో నుంచి సెయింట్ లూయీస్, అక్కణ్ణుంచి అరిజోనా వెళ్ళినా మరొకటి రాలేదు. ఇదంతా పాట్స్‌విల్ శాపమని చెప్పుకునేవాళ్ళున్నారు. నేను శాపాలు నమ్మను గానీ, ఆ మాట నీ పుస్తకంలో ఉంటే పాఠకుడు పేజీ తిప్పుతాడు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఛాంపియన్ ఎవరని కాదు, ఛాంపియన్ అని ఎవరు తేల్చారు, ఏ గదిలో తేల్చారు అని అడుగు. ప్రతి అధ్యాయానికీ ఇదే ప్రశ్న వెయ్యి. మొట్టమొదటి ఛాంపియన్ అక్రాన్ ప్రోస్ అని రాశావు. సరే. ఆ జట్టు 1920లో 8 గెలిచి, 3 డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడలేదు. కానీ టైటిల్ ఎప్పుడొచ్చింది? 1921 ఏప్రిల్‌లో, సమావేశంలో, ఓటింగ్‌తో. ఇచ్చిన కప్పు ఆ తర్వాత ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. ఆ జట్టులో ఫ్రిట్జ్ పోలార్డ్ ఉన్నాడు, నల్లజాతి ఆటగాడు. 1934 నుంచి 1945 దాకా అదే లీగ్‌లో నల్లజాతివాడనేవాడికి చోటు లేదు. మరి ఆ పన్నెండేళ్ళ ఛాంపియన్లు ఎవరితో పోటీపడి ఛాంపియన్లయ్యారు? ఇదీ గదిలో తేలిన సంగతే.

1932 సంగతి చూడు. గ్రీన్ బే ప్యాకర్స్ 10 గెలిచి, 3 ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. షికాగో బేర్స్ గెలిచినవి 6, ఓడింది 1, డ్రా అయినవి 6. పోర్ట్స్‌మత్ స్పార్టన్స్‌వి 6, 1, 4. డ్రాలని లెక్కలోంచి తీసేయాలని నియమం. దాంతో పది గెలిచినవాడు మూడో స్థానంలోకి, ఆరు గెలిచినవాళ్ళిద్దరూ మొదటి స్థానంలోకి. మా ఊరి కిరాణా షాపులో ఇలా లెక్క చెబితే తన్ని పంపిస్తారు. డ్రాకి సగం గెలుపు విలువ ఇవ్వడం 1972కి గానీ మొదలుకాలేదు.

ఆ ఇద్దరిమధ్యా తేల్చడానికి పెట్టిన మ్యాచ్ గురించి రెండు ముక్కలు రాశావు, కనీసం నాలుగు పేజీలు రాయి. బయట మంచు, చలి. మ్యాచ్‌ని షికాగో స్టేడియం లోపలికి తెచ్చారు. సర్కస్ వాళ్ళు వదిలి వెళ్ళిన మట్టి మీద ఆట. స్థలం చాలక మైదానం 80 గజాలే. పోర్ట్స్‌మత్ ప్రధాన ఆటగాడు డచ్ క్లార్క్ రానేలేదు, కొలరాడోలో కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ ఉద్యోగం, సెలవు ఇవ్వలేదు. ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌కి సెలవు దొరకని ఆటగాడు! బేర్స్ ఆటగాడు బ్రాంకో నగుర్‌స్కీ విసిరిన బంతిని అదే జట్టు రెడ్ గ్రేంజ్ పట్టాడు. ఆట మొదలయ్యే గీతకి ఐదు గజాలు వెనక లేకుండా విసిరాడని, అది చెల్లదని పోర్ట్స్‌మత్ మొత్తుకుంది. అంపైర్లు వినలేదు. 9-0. మరుసటి ఏడాది నుంచి గీత వెనక ఎక్కణ్ణుంచైనా బంతి విసరొచ్చని నియమం మార్చారు, లీగ్‌ని రెండు డివిజన్లు చేశారు, ఏటా ఫైనల్ పెట్టారు. నువ్వు ఇవాళ చూసే ఆట సగం ఆ సర్కస్ మట్టిలోంచే పుట్టింది. పోర్ట్స్‌మత్ జట్టుని 1934లో డెట్రాయిట్‌కి అమ్మేశారు. వాళ్ళే లయన్స్.

నీకు ఇదంతా తెలియదని కాదు. పట్టిక పెట్టావు కాబట్టి చెప్పాల్సిన పని తప్పిందనుకున్నావు. ఈ పట్టికల జబ్బు ఎక్కణ్ణుంచి అంటిందో నాకు తెలుసు. నేను గుంటూరు జిల్లాలో స్ట్రింగర్‌గా పనిచేసే రోజుల్లో ఒక పల్లెలో కబడ్డీ ఫైనల్‌కి వెళ్ళాను. ఆట మధ్యలో చీకటి పడింది. లైట్లు లేవు. పాయింట్లు సమానం. కమిటీ వాళ్ళు అరుగు మీద కూర్చుని గంటసేపు తర్జనభర్జన పడి, విరాళం ఇచ్చినవాళ్ళ ఊరి జట్టుకి కప్పు ఇచ్చేశారు. ఓడినవాళ్ళ కెప్టెన్ కాళ్ళకి అంటిన మట్టి కూడా కడుక్కోకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను దాన్ని ఉన్నదున్నట్టు రాసి బస్సు కవర్లో పంపాను. మర్నాడు పేపర్లో రెండు లైన్లు: ఫలానా జట్టు విజేత, బహుమతి ప్రదానం చేసినవారు ఫలానా. డెస్క్‌కి ఫోన్ చేస్తే, "కప్పు ఎవరికొచ్చిందో చాలయ్యా, మిగతాది ఎవడిక్కావాలి" అన్నాడు సబ్ ఎడిటర్. మాకు జీతం స్కేలు పెట్టి కొలిచి ఇచ్చేవారు, సెంటీమీటరుకి ఇంతని. ఆ రెండు లైన్లకి వచ్చిన డబ్బు బస్సు ఛార్జీకి సరిపోలేదు. ఆ పెద్దమనిషి తర్వాత స్పోర్ట్స్ పేజీకి ఇన్‌ఛార్జి అయ్యాడు. ఆ పేజీ రైల్వే టైమ్‌టేబుల్‌లా తయారైంది. ఇప్పుడు ఆన్‌లైన్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి "టాప్ 10" అంటున్నారు. నీ మూడో అధ్యాయం శీర్షికలో అది కనబడగానే పెన్నుతో కొట్టేశాను. "చరిత్ర సృష్టించింది" అన్న మాట కూడా దొరికిన ప్రతిచోటా కొట్టేశాను, పేజీలు ఎర్రబడ్డాయి, చూసి కంగారుపడకు.

ఇంకో సంగతి. నీ చరిత్ర 1967లో సూపర్ బౌల్‌తో, అంటే ఇప్పటి ఫైనల్‌తో, ఒళ్ళు విరుచుకుని లేస్తుంది, అంతకుముందు నిద్రపోతున్నట్టు. టీవీ వాళ్ళ లెక్క అది. గ్రీన్ బేవి 13 టైటిళ్ళు, వాటిలో సూపర్ బౌల్‌లు నాలుగే. డెట్రాయిట్‌కి నాలుగు టైటిళ్ళున్నాయి, సూపర్ బౌల్ గడప కూడా తొక్కలేదు. సూపర్ బౌల్‌తో మొదలుపెడితే వీళ్ళంతా ఏమైపోవాలి?

నీ రాతప్రతిలో నన్ను నిజంగా కదిలించింది ఒక్కచోటే ఉంది. దాన్ని నువ్వు కింద ఫుట్‌నోట్‌లో దాచావు. మీ నాన్నగారు ఊరి నుంచి వచ్చినప్పుడు నీ పక్కన కూర్చుని సూపర్ బౌల్ చూశారని, ఆట అర్థం కాలేదని, చివర్లో రంగు కాగితాలు రాలుతుంటే "ఓడినవాళ్ళని చూపించరేంట్రా?" అని అడిగారని. అదిరా రచన! ఆయన్ని పైకి తీసుకురా. ఆయన ప్రశ్నకి నువ్వు జవాబు కూడా వెతకలేదు. రెండు జట్లకీ ఛాంపియన్ అని రాసిన టీషర్టులు ముందే అచ్చువేసి పెడతారని, ఓడినవాళ్ళవి సహాయ సంస్థల ద్వారా పేద దేశాలకి పంపేసేవారని ఆయనకి చెప్పావా?

స్కాట్ నార్‌వుడ్ గురించి చెప్పావా? 1991 జనవరి, సూపర్ బౌల్, అతని జట్టు బఫెలో బిల్స్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది, ఆఖరి ఎనిమిది సెకన్లు, అతను కొట్టాల్సింది 47 గజాల కిక్. బంతి ఎత్తులో సరిపోయింది, దూరం సరిపోయింది, కుడివైపుకి పోయింది. న్యూయార్క్ జెయింట్స్ 20, బఫెలో 19. మర్నాడు బఫెలోలో జనం గుమిగూడి ఆ నార్‌వుడ్‌నే పిలవమని అరిచారు, తిట్టడానికి కాదు. అతను మైకు ముందుకొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఏడాది జెయింట్స్ గెలుపు గురించి నువ్వు ఒక పేరా రాశావు. దీని గురించి ఒక్క మాట లేదు. తర్వాతి మూడేళ్ళూ బిల్స్ ఫైనల్‌కి వెళ్ళి మూడుసార్లూ ఓడింది.

పదకోశం పెట్టాలా, ఫొటోల హక్కులు ఎలా, ఏ ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళాలి అని అడిగావు. వాటి సంగతి ఇప్పుడొద్దు.

బఫెలో అధ్యాయం ముందు రాయి. 1921తో మొదలుపెట్టు. బఫెలో ఆల్-అమెరికన్స్ షికాగో స్టేలీస్‌ని 7-6తో ఓడించింది. మళ్ళీ ఆడదామని స్టేలీస్ అడిగితే, సీజన్ అయిపోయింది, ఇది ఊరికే ప్రదర్శన మ్యాచ్ అని ముందే చెప్పి, ముందురోజు సొంతూళ్ళో ఒక మ్యాచ్ ఆడి, రాత్రి రైలెక్కి షికాగో వెళ్ళి 10-7తో ఓడింది. లీగ్ సమావేశంలో ఆ మ్యాచ్‌ని లెక్కలో వేసి టైటిల్ స్టేలీస్‌కి ఇచ్చేశారు. స్టేలీస్ యజమాని జార్జ్ హలస్, మరుసటి ఏడాది జట్టుకి బేర్స్ అని పేరు పెట్టాడు. రాత్రి రైల్లో కూర్చున్న ఆ ఆటగాళ్ళ నుంచి నార్‌వుడ్ దాకా ఒకే ఊరి కథ, డెబ్భై ఏళ్ళ కథ.

పాట్స్‌విల్ మాత్రం చూడకుండా రాయకు. నేను ఫిలడెల్ఫియాలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు తీసుకెళ్ళమంటే, మంచు అని మా అల్లుడు వాయిదా వేశాడు. నీకు ఒక శనివారం చాలు. మైనర్స్‌విల్ కూడా చూడు, ఊళ్ళో వయసుమళ్ళిన వాళ్ళు ఎవరైనా దొరికితే కార్డినల్స్ పేరెత్తి, ఏమంటారో రాసుకో. నెల దాటకుండా బఫెలో అధ్యాయం ఒక్కటే పంపు. పట్టిక పెట్టకు.

ఉంటాను.